మూడు రిజిస్టర్లు - ఒక్క మనిషి

రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు పొలం కాగితాల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. అడంగల్ ఒకచోట, పాసుపుస్తకం ఒకచోట, బ్యాంకు అప్పు ఇంకొకచోట. మూడింటినీ కలిపేది సర్వే నంబరు. అందులో ఒక్క అంకె తప్పితే మన చేను పక్కవాడి చేనవుతుంది. అంటురోగాల పరిశోధనలోనూ ఇదే పద్ధతి, ఇదే ప్రమాదం ఉన్నాయి.

1854లో లండనులో కలరా వచ్చింది. జాన్ స్నో అనే డాక్టరు ప్రభుత్వ మరణాల జాబితా తీసుకొని, చనిపోయినవారి ఇండ్లకు ఏ కంపెనీ నీళ్లు వస్తున్నాయో విచారించినాడు. ఊరి మురికి కలిసేచోట థేమ్స్ నీళ్లు తోడిన కంపెనీ ఇండ్లలో పదివేల ఇండ్లకు 315 చావులు. నది ఎగువనుండి తెచ్చిన కంపెనీ ఇండ్లలో 37. క్రిమి ఏదో తెలియకుండానే, రోగం నీళ్లలో వస్తుందని రెండు జాబితాలు కలిపి చూపించినాడు.

మన దేశంలో 2021 సెప్టెంబరులో భారత వైద్య పరిశోధన మండలి ఇట్లాంటి లెక్కే ప్రకటించింది. టీకాల కోవిన్, పరీక్షల జాబితా, ఆరోగ్యశాఖ కోవిడ్ పోర్టల్ - ఈ మూడింటినీ పరీక్ష గుర్తింపు నంబరు, మొబైల్ నంబరు పట్టుకొని కలిపినారు. ఆ ఏడు ఏప్రిల్ 18 నుండి ఆగస్టు 15 వరకు చూస్తే, చావునుండి ఒక డోసు 96.6 శాతం, రెండు డోసులు 97.5 శాతం కాపాడినాయని తేలింది. ఏ ఒక్క రిజిస్టరూ విడిగా ఈ మాట చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఆ ఏప్రిల్‌లోనే మా అవ్వకు ఆళ్లగడ్డలో మొదటి సూది వేయించినాము. అప్పట్లో కోవిన్‌లో ఒక ఫోనుమీద నలుగురిని రాయవచ్చు. చిన్నాయన నంబరు ఇచ్చినాము. మే నెలలో జ్వరం వస్తే నంద్యాలలో పరీక్ష. అక్కడ ఫారం నింపింది పదో తరగతి చదివే నేనే. నాయన నంబరు రాసినాను. పేరుకు ముందు 'పెద్ద' అని ఒకచోట ఉంది, ఇంకోచోట లేదు. వారానికే అవ్వ పోయింది.

నంబర్లు రెండు, పేర్లు రెండు. లెక్కలో ఆమె సూది వేసుకోకుండా చనిపోయిన మనిషై ఉండవచ్చు. ఇట్లాంటివి పెరిగితే టీకా ఉన్నదానికన్నా గొప్పగా కనబడుతుంది. అహోబిలం దగ్గర కాబట్టి మా వైపు నరసింహులు, ఓబులమ్మలు వీధికి నలుగురు. ఇద్దరిని ఒక్కరనుకుంటే అది ఇంకోరకం తప్పు. అందుకే పేరు, వయసు, ఊరు, తండ్రి లేక భర్త పేరు - ఒక్కోదానికి మార్కులు వేసి, మొత్తం చూసి ఒకే మనిషా కాదా అని తేల్చే పద్ధతి కూడా ఉంది. కలిపినాక పేర్లు తీసేసే పరిశోధకుల చేతికి ఇవ్వాలి. రోగం మనిషి గుట్టు గదా!

ఒక ఫోను నలుగురు వాడేది పేదిండ్లలో. లెక్క తప్పేదీ అక్కడే.

మిత్రులారా, ఊరికి పోతే పెద్దవాళ్ల ఫారాలు నింపేది మనమే. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాద్దాం; అన్నిచోట్లా ఒకే నంబరు ఇద్దాం. నా చేత్తో నేను రాసిన ఆ నంబరు మాత్రం ఇక దిద్దలేను.