ఒంటి బ్రేకు సైకిల్ బేరం

చిరంజీవి అల్లుడికి,

నా మోకాళ్ల సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. అందుకే గ్యారేజీలో గోడకు తగిలించి ఉన్న మెర్సియన్ కంపెనీ సైకిల్ అమ్మేద్దామని నిశ్చయించుకున్నాను. ఆ పని నీకే అప్పజెబుతున్నాను. శనివారాలు ఎలాగూ సైకిల్ షాపులో పని నేర్చుకుంటున్నావు, పాత సరుకు అమ్మడం కూడా నేర్చుకో.

ముందు నువ్వు అమ్ముతున్నదేమిటో తెలియాలి. మన బాపట్లలో సైకిలంటే క్యారియర్, స్టాండు, బెల్లు, డైనమో. దీనికి అవేవీ లేవు సరికదా, ఫ్రీవీల్ కూడా లేదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే. దీన్నే ఫిక్స్‌డ్ అంటారు. ఇది టైమ్ ట్రయల్ సైకిల్. 1890లలో ఇంగ్లండు రోడ్ల మీద గుంపుగా పందేలు పెడితే పోలీసులతో తగువు తప్పదని సైక్లింగ్ సంఘమే వాటిని వద్దంది. 1895లో ఎఫ్.టి. బిడ్‌లేక్ అనే ఆయన వేరే దారి చూపించాడు. ఒక్కొక్కరినీ విడివిడిగా వదలాలి, ఎవరికి వారు గడియారంతో పోటీ పడాలి. అదే టైమ్ ట్రయల్. తెల్లవారుజామున, ఒంటినిండా నల్లబట్టలతో, రూటు పేరు బయటికి పొక్కకుండా కోడ్ నంబర్లతో నడిపేవారు. పోలీసు భయం పోయి ఎన్నో ఏళ్లయినా ఆ కోడ్ నంబర్లు మాత్రం ఇప్పటికీ పోలేదు. ఇంగ్లీషువాళ్లకి అలవాటైనది ఓ పట్టాన వదలదు.

1956 ఆగస్టులో బాత్ రోడ్ టైమ్ ట్రయల్ పందెంలో నాటింగ్‌హామ్ కుర్రాడు రే బూటీ 100 మైళ్లు 3 గంటల 58 నిమిషాల 28 సెకన్లలో తొక్కాడు. అలాంటి పందెంలో నాలుగు గంటల లోపు ముగించిన మొదటివాడు అతనే. అది కూడా 84 అంగుళాల ఫిక్స్‌డ్ గేరు మీద. ఈ అంగుళాల లెక్క నువ్వు నోటికి చెప్పగలగాలి. ముందు పళ్లను వెనక పళ్లతో భాగించి, చక్రం అడ్డుకొలతతో గుణించు. మన సైకిలుకు ముందు 50, వెనక 16, చక్రం 27 అంగుళాలు. గుణిస్తే 84 పైచిలుకు వస్తుంది. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు 6.7 మీటర్లు పోతుంది. అంటే బూటీ నిమిషానికి నూరు చుట్లు చొప్పున, ఎక్కడా కాలు ఆపకుండా, దాదాపు నాలుగు గంటలు తొక్కాడన్నమాట. తీరిగ్గా కూర్చుని ఆలోచించు.

ఇదంతా ప్రకటనలో రాయడానికి చెప్పడం లేదు. ఈ సైకిల్ కొనడానికి వచ్చేవాడికి బూటీ సంగతి నీకంటే బాగా తెలుసు. మామయ్యకు ఇదంటే ప్రాణం అని కూడా రాయకు. నా ప్రాణానికి అతనెందుకు డబ్బివ్వాలి? అతనికి కావలసినవి కొలతలు. ఫ్రేమ్ 22½ అంగుళాలు, బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి సీటు ట్యూబ్ పైకొస దాకా. ట్యూబులు రేనాల్డ్స్ 531. సీటు పోస్టు 27.2 మిల్లీమీటర్లు. ఆ చివరి అంకె తప్పకుండా రాయి. 531 అని స్టిక్కరు ఎవరైనా అంటించుకోవచ్చు, 27.2 పోస్టు సరిగ్గా దిగే ఫ్రేమ్ అయితే మంచి రకం 531 అని తెలిసినవాడికి అర్థమవుతుంది. బండి తిరగేసి బాటమ్ బ్రాకెట్ కింద నంబరు ఫొటో తియ్యి. పాత సైకిళ్లవాళ్లకు 1955 నుంచీ వెటరన్-సైకిల్ క్లబ్ ఉంది. ఏ నంబరు ఏ కాలానిదో చెప్పగలవాళ్లు అందులో దొరుకుతారు.

ఇప్పుడు చేత్తో చేయవలసిన పరీక్ష. హెడ్ ట్యూబుకు రెండంగుళాల వెనక, పైగొట్టం అడుగునా, కిందిగొట్టం అడుగునా బొటనవేలితో మెల్లగా రాస్తూ పో. బండి ముందునుంచి దెబ్బ తిన్నదైతే అక్కడ చిన్న ఉబ్బు తగులుతుంది. కంటికి కనబడకపోయినా వేలికి తెలుస్తుంది. మన దానికి లేదు, అయినా నా మాట మీద ఊరుకోకుండా నువ్వే చూసుకో. స్ప్రాకెట్ విప్పాల్సి వస్తే జాగ్రత్త, వెనక హబ్‌కు దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్ మర ఎడమచేతి వాటం. తెలియక బలవంతంగా తిప్పితే మరలు అరిగి హబ్ పనికిరాకుండా పోతుంది. చైన్ వైపు వెనక గొట్టం మీద రంగు లేచి, నాణెమంత తుప్పు మచ్చ ఉంది. దాన్ని దగ్గర నుంచి ఫొటో తీసి ముందే చూపించు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు గాని, సైకిల్ అమ్మమని అనలేదు. మచ్చను తనే కనిపెట్టినవాడు పది పౌన్లు కాదు, యాభై తగ్గిస్తాడు.

కొత్త రంగు మాత్రం వేయించకు. పాత రంగు, పాత అక్షరాలు ఎంత చెదిరినా అవే దీని సాక్ష్యాలు. మెరిసే రంగు కింద ఏముందోనని తెలిసినవాడు అనుమానపడతాడు. విడిభాగాలుగా అమ్మితే ఎక్కువ వస్తుందని మీ షాపులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నిజమే, క్రాంకులు, హబ్‌లు, పెడళ్లు విడివిడిగా అమ్మితే మొత్తం మీద ఎక్కువే రావచ్చు. నా సైకిల్ని మాత్రం అలా కోసి అమ్మడానికి వీల్లేదు.

ధర తేల్చడానికి అమ్మేవాళ్లు అడిగే ధరలు చూడకు, అమ్ముడుపోయిన ధరలు చూడు. నేను బేరింగులకు, చక్రాలకు పెట్టిన ఖర్చు లెక్కలోకి తేకు, అది నా సరదా ఖాతాలోది.

తొక్కి చూస్తానన్నవాడిని ఒక మాట అడుగు: ఫిక్స్‌డ్ ఎప్పుడైనా తొక్కావా అని. తెలియనివాడు మలుపులో అలవాటు కొద్దీ కాళ్లు ఆపుతాడు, పెడళ్లు మాత్రం ఆగవు, మనిషిని విసిరేస్తాయి. ముందు చక్రానికున్న ఒక్క బ్రేకు బిగువు చూసి గాని ఇవ్వకు. ఇక్కడ బ్రిటన్ చట్టం వెనక ఫిక్స్‌డ్ చక్రాన్నే ఒక బ్రేకుగా లెక్కేస్తుంది, రెండోది ఈ ముందుదే. టైర్లు రిమ్ముకు జిగురుతో అంటించిన ట్యూబులర్లు. జిగురు ఎండిపోయింది. వాటి మీద ఎవరినీ ఇంటిదాకా తొక్కుకుంటూ పోనివ్వకు. పెట్టెలో పంపాల్సి వస్తే, చక్రం తీశాక వెనక ఫోర్కు కొసల మధ్య 120 మిల్లీమీటర్ల చెక్కముక్క బిగించు. లేకపోతే పార్సిల్ బరువుల కింద గొట్టాలు దగ్గరికి నొక్కుకుపోతాయి. పెడళ్లు విప్పేటప్పుడు ఎడమదానికి మర తిరగబడి ఉంటుందని నీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇద్దరు ముగ్గురు వస్తే, గోడకు తగిలించుకునేవాడికి కాకుండా పందేల్లో తొక్కేవాడికి ఇవ్వు. వంద పౌన్లు తగ్గినా నేను అడగను. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చి సైకిల్ తీసుకెళ్లు. బయల్దేరే ముందు అత్తయ్యకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మామయ్య, డెర్బీ