డంపర్ ఆగిపోతే లోపం పట్టే పని

లోడుతో ర్యాంప్ ఎక్కుతున్న డంపర్ ఉన్నట్టుండి ఆగిపోయి మళ్లీ స్టార్ట్ కాకపోతే, దాని వెనక వస్తున్న బండ్లన్నీ నిలిచిపోతాయి. దారి ఇరుకైతే ఆ షిఫ్టు పని మొత్తం పడకేస్తుంది. రామగుండం, మణుగూరు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లోనూ, చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లోనూ, సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనుల్లోనూ మంచి డీజిల్ మెకానిక్‌కు విలువ తెలిసేది అప్పుడే. పార్టులు విప్పి బిగించేవారు చాలామంది దొరుకుతారు. ఏ పార్టు విప్పాలో ముందే తేల్చగలిగేవారు తక్కువ. హెల్పర్‌కూ మెకానిక్‌కూ ఉన్న తేడా అదే, జీతంలో తేడా కూడా అక్కడి నుంచే వస్తుంది.

బండి దగ్గరికి వెళ్లగానే చేయాల్సింది దాన్ని కదలకుండా చేయడం. పార్కింగ్ బ్రేక్ వేయాలి, చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టాలి, తాళంచెవి మెకానిక్ జేబులో ఉండాలి. బాడీ పైకి లేచి ఉంటే సేఫ్టీ పిన్ వేయనిదే దాని కింద తల పెట్టకూడదు. కామన్ రైల్ ఇంజన్లు నడిచేటప్పుడు డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఆ ఒత్తిడితో చిమ్మే సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అందుకని లీకును ఎప్పుడూ చేత్తో తడిమి చూడరు, అట్టముక్క అడ్డం పెట్టి చూస్తారు.

ఆ తరువాత మాట్లాడాల్సింది డ్రైవర్‌తో. కొత్తవాళ్లు తరచూ దాటవేసే మెట్టు ఇదే. ఇంజన్ ఎలా ఆగింది అన్న ఒక్క ప్రశ్నతో సగం వెతుకులాట తప్పుతుంది. స్విచ్ తీసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు చూడాలి: ఫ్యూజు, రిలే, ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్ అయిన ఈసీయూకు వెళ్లే సప్లై, క్రాంక్ సెన్సర్, పాత ఇంజన్లలో స్టాప్ సొలినాయిడ్. ఎక్కిళ్లు పెట్టి, పికప్ తగ్గుతూ తగ్గుతూ ఆగితే డీజిల్ వైపు చూడాలి: మూసుకుపోయిన ఫిల్టర్, డీజిల్‌లో నీళ్లు, పైపు జాయింట్ దగ్గర ఎయిర్ పట్టడం. ట్యాంకులో డీజిల్ తక్కువగా ఉన్నప్పుడు ఏటవాలు దారిలో అది ఒక పక్కకు చేరి, పైపు గాలి పీల్చడం గని బండ్లలో మామూలే. గేజీలో డీజిల్ ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి దీని మీద అనుమానం రాదు. ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, కూలెంట్ మితిమీరి వేడెక్కినా ఇంజన్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు చాలా భారీ బండ్లలో ఉంటుంది. అలా ఆగిన ఇంజన్‌ను బలవంతంగా స్టార్ట్ చేస్తే చిన్న లోపం కాస్తా ఓవర్‌హాల్ దాకా పోతుంది.

స్టార్టర్ మోటారును షెడ్లలో సెల్ఫ్ అంటారు. రెండు సందర్భాల్లో సెల్ఫ్ అసలు కొట్టకూడదు. ఒకటి, పెద్ద చప్పుడుతో ఆగినప్పుడు. రెండోది, వాగులోనో నీళ్లు నిలిచిన గుంటలోనో దిగి ఆగినప్పుడు. నీరు గాలిలా కుదించుకుపోదు. ఎయిర్ ఇన్‌టేక్ గుండా సిలిండర్‌లోకి చేరిన నీటి మీదికి పిస్టన్ వస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూసి, అనుమానం ఉంటే ఇంజెక్టర్లు విప్పి ఇంజన్‌ను చేత్తో తిప్పి నీటిని బయటికి పంపాలి.

ఇవేవీ కాకపోతే సెల్ఫ్ కొట్టి చూడవచ్చు. అసలు చలనం లేకపోతే బ్యాటరీ కటాఫ్ స్విచ్, గేరు న్యూట్రల్‌లో ఉందా లేదా, టెర్మినళ్లు, స్టార్టర్ రిలే చూడాలి. టక్‌మని ఆగినా, నెమ్మదిగా తిరిగినా బ్యాటరీని కొలవాలి. ఈ బండ్లలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టులు ఇస్తాయి. పూర్తి చార్జింగ్ ఉన్న బ్యాటరీ ఒక్కొక్కటి సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు అది 9.6 కంటే కింద పడితే బ్యాటరీలో చార్జింగ్ లేదనో, అది బలహీనమైందనో, లేదా సెల్ఫ్ ఎక్కువ కరెంటు లాగుతోందనో అర్థం.

మీటరు కూడా మోసం చేస్తుంది. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా మీటరులో 24 వోల్టులు నిక్షేపంగా కనిపిస్తాయి, ఎందుకంటే మీటరు తాగే కరెంటు దాదాపు శూన్యం. అదే వైరుకు హెడ్‌లైట్ బల్బు కలిపితే వెలుగు మసకబారి గుట్టు బయటపడుతుంది. గతుకులకు వైరింగ్ ఛాసిస్‌కు రాసుకుని పొర ఊడటం, దుమ్ముకు కనెక్టర్లు పట్టు వదలడం, ఎర్త్ పట్టీ తుప్పు పట్టడం గని బండ్లలో నిత్యం ఉండేవే. వందల రూపాయల్లో దొరికే బల్బు హోల్డర్ ఒకటి, రెండు వైర్లు కొత్త మెకానిక్ పెట్టెలో మొదటి రోజు నుంచే ఉండటం మంచిది.

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే సైలెన్సర్ చూడాలి. పొగే లేకపోతే సిలిండర్లలోకి డీజిల్ వెళ్లడం లేదు. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ వెళ్తోంది కానీ కాలడం లేదు, కాబట్టి కంప్రెషన్, టైమింగ్ వైపు వెళ్లాలి. పొగ లేనప్పుడు వాటర్ సెపరేటర్‌లోని నీళ్లు వదిలి, ఫిల్టర్ చూసి, హ్యాండ్ ప్రైమర్‌తో ఎయిర్ తీయాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కదలకపోతే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం. వేడెక్కినప్పుడు పనిచేయక, చల్లారాక మళ్లీ పనిచేసే సెన్సర్ మెకానిక్‌ను రోజుల తరబడి తిప్పుతుంది. కామన్ రైల్‌లో కనీస ఒత్తిడి చేరేదాకా ఈసీయూ ఇంజెక్టర్లు తెరవదు, చాలా ఇంజన్లలో అది 200 నుంచి 250 బార్ల దాకా ఉంటుంది. ఈసీయూలోని లోపం కోడ్‌లు చదివే స్కానర్ పెట్టేది ఈ దశలో. భారీ బండ్లు వాడే జే1939 భాషలో లోపం ఏ అంశానిదో చెప్పే నంబరు ఎస్‌పీఎన్: 190 అంటే ఇంజన్ వేగం, 157 అంటే కామన్ రైల్‌లోని డీజిల్ ఒత్తిడి. పక్కనే ఉండే ఎఫ్‌ఎంఐ లోపం తీరు చెబుతుంది: 5 అంటే సర్క్యూట్ తెగిందనో, కరెంటు తక్కువగా పారుతోందనో సూచన. కోడ్ చెప్పేది లోపం ఏ సర్క్యూట్‌లో ఉందో మాత్రమే, ఏ పార్టు పోయిందో కాదు. సెన్సర్ కోడ్ వచ్చిందని సెన్సర్ మార్చేసి, అదే కోడ్ మళ్లీ వస్తే తలపట్టుకునేవారు ప్రతి షెడ్‌లోనూ కనిపిస్తారు.

ఈ పనిలోకి దారులు రెండు మూడున్నాయి. పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో మెకానిక్ డీజిల్ ట్రేడ్ ఒక సంవత్సరం, మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు. పాలీసెట్ రాసి ఆటోమొబైల్ లేదా మెకానికల్ డిప్లొమా మూడేళ్లు చదివినవారు సూపర్‌వైజర్ స్థాయికి త్వరగా చేరతారు, ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరే వీలూ ఉంది. ఐటీఐ తరువాత 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద స్టైపెండుతో శిక్షణ దొరుకుతుంది. సింగరేణి బొగ్గు గనుల సంస్థ, రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలు ట్రేడ్ అప్రెంటిస్‌లను తీసుకుంటుంటాయి. ఆర్టీసీ డిపోలో రాత్రిపూట వరుసగా వచ్చే బస్సుల లోపాలు చూసిన కుర్రాడికి చేయి తిరిగినంతగా, ఒకే షోరూంలో సర్వీసింగ్ చేసినవాడికి తిరగదు.

2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్-6 టిప్పర్లలో సెన్సర్లు, వైరింగ్ బాగా పెరిగాయి. డీజిల్ పంపు ఒక్కటే తెలిస్తే చాలనుకునే రోజులు పోయాయి. సర్క్యూట్ బొమ్మ చూసి ఏ వైరు ఎక్కడికి పోతుందో చెప్పగలగడం, మీటరు సరిగ్గా పట్టుకోవడం, సర్వీస్ మాన్యువల్‌లోని ఇంగ్లిష్ అర్థం చేసుకోవడం, ఈ మూడూ వస్తే గ్రానైట్ క్వారీ నుంచి గల్ఫ్ నిర్మాణ సైట్ల దాకా పని దొరుకుతుంది. ఏజెంట్ల ద్వారా గల్ఫ్ వెళ్లేవారు కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదైనవారినే ఎంచుకోవాలి.

మళ్లీ ఆగిన డంపర్ సంగతికి వస్తే, బండి స్టార్ట్ అయ్యాక పని ఇంకా మిగిలే ఉంటుంది. కోడ్‌లు తుడిచి, లోడుతో అదే ర్యాంప్ ఎక్కించి చూడాలి. జాబ్‌కార్డులో డ్రైవర్ చెప్పిన ఫిర్యాదు, దొరికిన కారణం, చేసిన పని, కొలిచిన వోల్టులు విడివిడిగా రాయాలి. రాత్రి షిఫ్టులో అదే బండి మళ్లీ ఆగితే, అప్పుడున్న మెకానిక్ వెతుకులాట ఆ కార్డు ఆగిన చోటి నుంచి మొదలవుతుంది.