రెండో వేసవి దాటిన బండే మీ సర్టిఫికెట్టు

ఎగువ అహోబిలం నుంచి పావన నరసింహస్వామి గుడికి అడవి దారిలో జీపులు వెళ్తాయి. ఆ దారంతా రాళ్లూ గుంతలే, రెండు పక్కలా కొమ్మలు బాడీని గీరుతూనే ఉంటాయి. అలాంటి బండి డోరు మీద తెలుగులో పేరు అతికించి చూడండి. ముందుగా లేచేది పెద్ద అక్షరం కాదు, దాని కింద విడిగా ఉన్న ఒత్తు. గోరంత ముక్కకు పట్టు తక్కువ. దాని అంచులోకి దుమ్ము చేరిందంటే నెల తిరక్కముందే ఊడిపోతుంది. అది చూసినవాడు "జిగురు మంచిది కాదు" అనడు, "ఎవడు వేశాడ్రా ఇది?" అంటాడు.

ఆళ్లగడ్డ, నంద్యాల, మైదుకూరు, ప్రొద్దుటూరు లాంటి ఊళ్లలో రేడియం షాపు నడుపుతూ ఇక పూర్తి ర్యాపింగులోకి దిగాలనుకుంటున్న తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెద్ద ఆర్డరు ఒక్కటి తగిలితే పేరు వస్తుందని చాలామంది ఎదురుచూస్తుంటారు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, పేరు అలా రావడం నేను చూడలేదు. ఒక్కో పని మన గురించి ఒక్కో సంగతి రుజువు చేస్తుంది. అలాంటి పనులు ఐదున్నాయి. వాటిని వరసగా చేసుకుంటూ పోతే పేరు దానంతటదే వస్తుంది.

మొదటిది: ఎండకు నిలిచే బండి

రోజూ ఎండలో తిరిగే బండిని ఒకదాన్ని ఎంచుకోండి. అది జీపు కావచ్చు, బొలెరో కావచ్చు, టాటా ఏస్ కావచ్చు. లాభం తక్కువైనా సరే, ఫిల్ము విషయంలో మాత్రం రాజీపడకండి. రోలర్ల మధ్య నొక్కి తయారుచేసే క్యాలెండర్డ్ వినైల్ చవగ్గా దొరుకుతుంది. చదునైన డోరుకూ లారీ బాడీ పలకకూ అది సరిపోతుంది. వంపుల్లోకి సాగదీశారంటే మాత్రం ఎండ తగిలేకొద్దీ తన పాత ఆకారానికి ముడుచుకుంటుంది. బానెట్ వంపులు, బంపర్లు, రివెట్లు ఉన్న చోట కాస్ట్ వినైలే వాడాలి. వంపుల్లో అతికించాక హీట్ గన్‌తో మళ్లీ వేడి పట్టించాలి. కంపెనీ కాగితంలో ఎన్ని డిగ్రీలని రాసి ఉందో అంత వేడీ తగిలిందో లేదో థర్మామీటర్‌తో చూసుకోవాలి. చేత్తో తాకి అంచనా వేస్తే కుదరదు.

చాలా ఫిల్ములు 20 నుంచి 25 డిగ్రీల దగ్గర అతికించడానికి తయారైనవి. మన దగ్గర మే నెలలో గాలే 42 డిగ్రీలుంటుంది, ఎండలో నిలబెట్టిన బానెట్ మీద చెయ్యి పెట్టలేం. ఆ రేకు మీద ఫిల్ము తాకీ తాకగానే కరుచుకుపోతుంది, సరిచేద్దామని లాగితే సాగిపోతుంది. అందుకే బండిని రాత్రే షెడ్డులోకి తెప్పించి, తెల్లవారుజామున పని మొదలుపెట్టి, పది గంటలకల్లా పెద్ద పలకలన్నీ ముగించండి. అంచులు, మూలలు తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు. ఇంకో మాట. డోర్ల కంటే బానెట్, టాపు ముందే వెలిసిపోతాయి, ఎండ నేరుగా పడేది వాటి మీదే. ఈ సంగతి బేరమప్పుడే చెప్పండి. ముందే చెబితే సలహా అవుతుంది, వెలిశాక చెబితే సాకు అవుతుంది.

రెండోది: ఒక్కలాంటి బండ్లు

ఒక బండిని అందంగా చేయడం వేరు, పది బండ్లను ఒకేలా చేయడం వేరు. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్‌లో 1,088 కొత్త 108, 104 వాహనాలను ఒకేసారి ప్రారంభించారు. 2021 జనవరి 21న ఇంటింటికీ రేషన్ ఇచ్చే 9,260 బండ్లు మొదలయ్యాయి. అప్పట్లో ఏ ఊళ్లో చూసినా అదే రంగు, అదే రాత ఉండేవి. రోడ్డు మీద జనానికి నమ్మకం కలిగించింది అలా ఒకేలా ఉండటమే.

మీరు మూడు బండ్లతో మొదలుపెట్టండి. పాల వ్యాన్లు, నంద్యాల విత్తన వ్యాపారుల బండ్లు, నీళ్ల క్యాన్ల ఆటోలు ఇందుకు బాగుంటాయి. మూడింటికీ ఒకే బ్యాచ్ రోలు కొనండి. బ్యాచ్ మారితే తెలుపులోనే తేడా కనిపిస్తుంది. కొలతలు కంటిచూపుతో వేయకండి. డోరు హ్యాండిల్ నుంచి ఎన్ని సెంటీమీటర్లు, కింది అంచు నుంచి ఎన్ని అనేది కాగితం మీద గీసి పెట్టుకోండి. ఏడాది తర్వాత నాలుగో బండి వస్తే ఆ కాగితమే మీకు ఆస్తి.

తెలుగు రాతను యజమానికి ఫోనులో చూపించి వదిలేయకండి. అను ఫాంటులో టైపు చేసినది మరో కంప్యూటర్‌లో తెరిస్తే ఒత్తులు ఎగిరిపోవచ్చు. అక్షరాలను అవుట్‌లైన్‌గా మార్చి, కాగితం మీద ప్రింటు తీసి, పైకి చదివించి, సంతకం తీసుకోండి. స్వామి పేరులో ఒత్తు పోయిన బండి ఊరంతా తిరిగితే తల ఎత్తుకోలేం.

మూడోది: బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలిచే పని

ఎఫ్‌సీకి వెళ్లే బండికి రిఫ్లెక్టివ్ టేపు వేయడాన్ని చాలామంది చిల్లర పనిగా చూస్తారు. నా లెక్కలో అంతకంటే గౌరవమైన పని లేదు. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు, ఇదీ నిబంధన. 40వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట ఆగి ఉన్న లారీని వెనక వచ్చేవాడికి చూపించేది ఆ ఎర్ర టేపే. ప్రమాణం లేని టేపు వేస్తే ప్రాణం పోతుంది. అందులో మిగిలే పదీ పరకకు ఆశపడకండి.

బండి రంగు ఆర్‌సీలో నమోదై ఉంటుంది. మొత్తం రంగు మార్చే ర్యాపు అడిగితే ముందు ఆర్టీవో ఆఫీసులో అనుమతి తెచ్చుకోమనండి, కాగితం చూశాకే రోలు విప్పండి. మిలటరీ ఆలివ్ గ్రీన్ సొంత బండ్లకు వేయకూడదు. 2022 డిసెంబరులో వారాహి ప్రచార వాహనం రంగు మీద రాష్ట్రమంతా చర్చ నడిచింది ఈ నిబంధన వల్లే. ఆ రంగు ఎమరాల్డ్ గ్రీన్‌గా నమోదైందని తెలంగాణ రవాణా అధికారులు చెప్పారు. షేడు పేరు సైతం కాగితం మీద ఉండాలనడానికి ఇంతకంటే పెద్ద పాఠం అక్కర్లేదు. కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములను సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. అద్దం మీద ఏది అడిగినా ఇప్పటి నిబంధన కనుక్కోకుండా అతికించకండి. నంబరు ప్లేటు జోలికి అసలే పోవద్దు. అద్దెకు తిరిగే బండి మీద వ్యాపార ప్రకటన వేయాలంటే దానికీ అనుమతి కావాలి.

"ఆ షాపులో వేయించుకుంటే ఎఫ్‌సీలో ఇబ్బంది ఉండదు" అని డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకునే రోజు వస్తుంది. ఎన్ని ఫ్లెక్సీలు కట్టినా ఆ మాటకు సాటిరావు.

నాలుగోది: ముహూర్తం ఉన్న పని

మన పల్లెల్లో కనుమ రోజు మొదలయ్యే అహోబిలం పార్వేట తెలియనివాళ్లు లేరు. స్వామి పల్లకీలో ఊరూరూ తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన బ్రహ్మోత్సవాలకు తానే పిలుస్తాడు. ఆ రోజుల్లో అన్నదానం బండ్లు, ప్రచార రథాలు, ట్రావెల్స్ వ్యాన్లు అన్నీ ఒకేసారి షాపు ముందుకొస్తాయి. ముహూర్తం మన కోసం ఆగదు.

అందుకే రోజులు వెనక నుంచి లెక్కపెట్టండి. సాల్వెంట్ ప్రింటు తీశాక లామినేషన్‌కు ముందు కనీసం 24 గంటలు విప్పి ఆరనివ్వాలి. బండిని కడిగి, ఆరబెట్టి, అతికించే ముందు ఆల్కహాల్‌తో తుడవాలి. అతికించాక ఒక రోజు ఆగి అంచులన్నీ మళ్లీ చూడాలి. వీటికి నాలుగు రోజులు పడుతుంది. ఎవరైనా రేపటికి కావాలంటే చేతులు జోడించి వద్దనండి. ప్రింటు ఆరకుండా లామినేషన్ వేసి మాట దక్కించుకున్నా, ఆ బండి పండగ అయిపోయాక మీ పరువు తీస్తుంది.

స్వామి బొమ్మను ఎక్కడ వేయాలన్నది కూడా పనితనమే. కాళ్లు తగిలే ఫుట్‌బోర్డు దగ్గర, బురద చిమ్మే చక్రం పక్కన వేయకూడదు. రెండు డోర్ల సందు ముఖం మీదుగా పోకుండా చూడాలి. తలుపు తెరిస్తే ముఖం రెండుగా చీలిన బండిని నేను చూశాను, అది ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది.

1982లో ఎన్.టి.రామారావు పాత చెవ్రొలెట్ వ్యాన్‌ను మార్పించి చైతన్య రథం అన్నారు. ఆ బండి కనిపిస్తే చాలు, జనం రోడ్డు మీదికి వచ్చేవాళ్లు. బండి కూడా మాట్లాడగలదని తెలుగువాళ్లకు అది చూపించింది. అలాంటి పని దొరికినప్పుడు రాతలు తగ్గించండి. పరుగెత్తే బండి మీద జనం చదవగలిగేది ఒక పేరు, ఒక మాట, ఒక నంబరు, అంతే.

ఐదోది: తిరిగొచ్చిన బండి

మొదట్లో ఒక ట్రావెల్స్ వ్యాన్‌కు ఖర్చు తగ్గిద్దామని లోతైన డోరు గాడిలోకి చవక ఫిల్ము సాగదీసి వేశాను. మేలో అది గాడిలోంచి లేచి డప్పు చర్మంలా బిగుసుకుంది. యజమాని ఫోన్ చేసి తిట్టలేదు. బండి తెచ్చి షాపు ముందు పెట్టి టీ తాగడానికి వెళ్లాడు. ఆ మౌనం భరించలేకపోయాను. రెండు రోజులు కూర్చుని పాత ఫిల్ము వేడిచేసి పీకి, జిగురు కడిగి, కాస్ట్ ఫిల్ము నా డబ్బుతో వేశాను. ఆ నెల మిగిలింది ఏమీ లేదు. తర్వాత మూడేళ్లలో అతను పంపిన బండ్లతోనే నా షాపు నిలబడింది. తప్పు జరిగినప్పుడు మీరు ఏం చేశారన్నది జనం ఎక్కువకాలం గుర్తుపెట్టుకుంటారు.

ఈ ఐదింటికీ కలిపి ఒక నోటుపుస్తకం పెట్టండి. బండి నంబరు, తేదీ, ఫిల్ము పేరు, బ్యాచ్, ఎవరు అతికించారు అన్నీ రాయండి. అతికించిన రోజు ఒక ఫోటో తీయండి. ఏడాదికి అదే చోట, అదే కోణంలో ఇంకో ఫోటో, రెండో వేసవి అయ్యాక మూడోది తీయండి. మొదటి రోజు మెరుపు అందరి బండికీ ఉంటుంది. మూడో ఫోటో చూపించగలిగినవాడికే పెద్ద ఆర్డరు అడిగే హక్కు వస్తుంది. ధర గురించి బేరమాడే మనిషికి ఆ ఫోటో ఇచ్చి, ఆ బండి ఏ స్టాండులో ఉంటుందో చెప్పండి. వెళ్లి గోటితో అంచు గీకి చూసుకుని రమ్మనండి.