మోకాలు చెప్పే మాట

ఈ పాఠంలో నేర్చుకునేవి
• ఒంట్లో నొప్పిని తెలుగులో సరిగ్గా చెప్పడం
• ఎక్కడ? ఎప్పుడు? ఎలా? అనే మూడు ప్రశ్నలకు జవాబివ్వడం
• మోకాలు, మోకాలి, మోకాళ్ళు: ఈ మూడింటిలో ఏది ఎక్కడ వాడాలో తెలుసుకోవడం
• కాళ్ళ మీద ఉన్న కొన్ని జాతీయాలు

పాఠానికి ముందు

పిల్లలూ, మీ ఇంట్లో ఎవరికైనా మోకాళ్ళ నొప్పి ఉందా? "అమ్మమ్మకి ఉంది", "తాతయ్యకి ఉంది" అంటారు మీలో చాలామంది. కానీ మోకాలి నొప్పి ముసలివాళ్ళకే వస్తుందని అనుకోకండి. బాగా పరుగెత్తే కుర్రవాళ్ళకీ వస్తుంది. మొదటిసారి మారథాన్‌కి తయారయ్యేవాళ్ళకి మరీ ఎక్కువగా వస్తుంది. అప్పుడు ఏం చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి? అదే ఈ పాఠం.

1. చదువుదాం: ఊరు, పరుగు

మలేషియాలో పేరాక్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ పేరాక్ నది పెద్ద మలుపు తిరిగే చోట తెలుక్ ఇంటాన్ అనే ఊరుంది. మలయ్ భాషలో ఇంటాన్ అంటే వజ్రం. 1982 వరకు ఈ ఊరి పేరు తెలుక్ ఆన్సన్. ఇంగ్లీషువాళ్ళు పాలించే రోజుల్లో ఈ ప్రాంతంలోని రబ్బరు, కొబ్బరి తోటల్లో పని చేయడానికి మన తెలుగువాళ్ళు వచ్చారు. మలేషియాకి వచ్చిన తెలుగువాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు వాళ్ళు. వాళ్ళు 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి మలేషియా తెలుగు సంఘం అదే.

తెలుక్ ఇంటాన్ నేల చదునుగా ఉంటుంది. కొండలు, గుట్టలు ఎక్కాల్సిన పని లేదు. అయితే భూమధ్యరేఖ దగ్గరే కాబట్టి ఎండ, ఉక్క ఎక్కువ. అందుకని ఇక్కడ పరుగెత్తేవాళ్ళు తెల్లవారకముందే బయల్దేరితే మంచిది.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో ఇంత దూరం పరుగెత్తారు. 1921లో ఇదే అందరికీ ఒకే కొలత అయింది. ఒక చిన్న లెక్క వేద్దాం. పరుగులో ఒక అడుగు మీటరు దూరం అనుకోండి. అప్పుడు మొత్తం 42 వేలకు పైగా అడుగులు. అంటే ఒక్కో కాలు 21 వేలసార్లకు పైగా నేల మీద పడుతుంది. పడిన ప్రతిసారీ మోకాలి మీద మన ఒంటి బరువుకి కొన్ని రెట్ల భారం పడుతుంది. మోకాలు మాట్లాడకుండా ఊరుకుంటుందా?

2. సంభాషణ: అమ్మమ్మ, మనవడు

(ఆదివారం పొద్దున. మనవడికి 18 ఏళ్ళు. కౌలాలంపూర్‌లో మొదటి మారథాన్‌కి ఇంకా ఎనిమిది వారాలుంది. నది పక్క రోడ్డు మీద 18 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, స్నానం చేసి, మేడ మెట్లు దిగుతున్నాడు.)

అమ్మమ్మ: ఏరా నాన్నా, గోడ పట్టుకుని దిగుతున్నావేం?

మనవడు: ఏం లేదమ్మమ్మా. కొంచెం సకిత్, అంతే.

అమ్మమ్మ: సకిత్ అంటే? జ్వరమా, నొప్పా?

మనవడు: నొప్పే. మోకాలు.

అమ్మమ్మ: మోకాలంటే ఎక్కడ? వేలు పెట్టి చూపించు.

మనవడు: ఇదిగో, చిప్ప చుట్టూ. చిప్ప వెనకాల కూడా.

అమ్మమ్మ: పీకుతోందా, పొడుస్తోందా?

మనవడు: రెండూ ఒకటే కదా?

అమ్మమ్మ: ఒకటెలా అవుతాయిరా! తోటలో ఉన్నప్పుడు మేం చీకటితోనే లేచి రబ్బరు చెట్లకి గాటు పెట్టి పాలు పట్టేవాళ్ళం. ఎంత నడకో! రాత్రికి కాళ్ళు పీకేవి. అది అలసట. పడుకుంటే పొద్దున్నకి పోయేది. ఒకసారి గట్టు దిగుతుంటే మోకాలు కలుక్కుమంది. అది పడుకుంటే పోలేదు. నెల్లాళ్ళు కుంటుతూనే నడిచాను.

మనవడు: అయితే నాది పీకడం కాదు. మెట్లు దిగేటప్పుడు పొడుస్తుంది. చాలాసేపు కూర్చుని లేచినా అంతే.

అమ్మమ్మ: ఎన్నాళ్ళ నుంచి?

మనవడు: రెండు వారాల నుంచి.

అమ్మమ్మ: రెండు వారాలా! మరి చెప్పలేదేం?

మనవడు: చెబితే మానెయ్యమంటారని.

అమ్మమ్మ: చెప్పకపోతే ఆ మోకాలే మానిపిస్తుంది. అప్పుడెవరితో దెబ్బలాడతావు?

మనవడు: పోటీకి డబ్బు కట్టేశాను. స్నేహితులందరికీ చెప్పేశాను కూడా.

అమ్మమ్మ: పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు.

మనవడు: నిలబడితే 42 కిలోమీటర్లు ఎలా అవుతాయి అమ్మమ్మా?

అమ్మమ్మ: మాటలకేం తక్కువ లేదు! నిన్ను మానెయ్యమన్నానా? రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఇప్పుడు నాకు చెప్పినట్టే ఆయనకీ చెప్పు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా. ఒక్కటీ దాచకు.

3. నొప్పికి ఎన్ని పేర్లు!

మలయ్ భాషలో జబ్బు చేసినా సకిత్, నొప్పి పుట్టినా సకిత్. తెలుగులో రెండూ వేరు. ఒంట్లో బాగోకపోతే జబ్బు. ఒకచోట బాధగా ఉంటే నొప్పి. నొప్పిలో మళ్ళీ రకాలున్నాయి. ఇవి నేర్చుకుంటే మీ బాధ ఏమిటో అవతలివాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

పీకడం: అలసట వల్ల వచ్చే బాధ. "నిన్నంతా నడిచాను, కాళ్ళు పీకుతున్నాయి."
పొడవడం, పోటు: సూదితో గుచ్చినట్టు ఉండే నొప్పి. "మెట్లు దిగుతుంటే పొడుస్తోంది."
సలపడం, సలుపు: ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టు ఉండే నొప్పి. "దెబ్బ తగిలిన చోట సలుపుతోంది."
కలుక్కుమనడం: ఒక్కసారిగా, అనుకోకుండా వచ్చే నొప్పి. "వంగేసరికి నడుము కలుక్కుమంది."
పట్టేయడం: బిగుసుకుపోయి కదలకపోవడం. "పిక్క పట్టేసింది."
బెణకడం: కాలో చెయ్యో మడతపడి నొప్పి చేయడం. "చీలమండ బెణికింది."
వాపు: ఉబ్బడం. "మోకాలు వాచింది."
తిమ్మిరి: చీమలు పాకుతున్నట్టు ఉండడం. "కాలు తిమ్మిరెక్కింది."

పీకడం సాధారణంగా విశ్రాంతితో పోతుంది. పొడవడం, కలుక్కుమనడం, వాపు అలా కాదు. అవి వస్తే ఆగి చూసుకోవాలి. సరైన మాట తెలిస్తే సరైన పని తెలుస్తుంది.

4. ఎక్కడ? ఎప్పుడు?

మోకాలు చిన్నదే. కానీ నొప్పి వచ్చే చోటుని బట్టి కారణం మారుతుంది.

చిప్ప చుట్టూ, చిప్ప వెనక: మెట్లు దిగినా, ఎక్కువసేపు కూర్చుని లేచినా నొప్పి పెడుతుంది. పరుగెత్తేవాళ్ళలో ఇది చాలామందికి వస్తుంది. మన మనవడిది ఇలాంటిదే.

మోకాలి బయటి వైపు: పరుగు మొదట్లో ఏమీ ఉండదు. కొంత దూరం వెళ్ళాక మొదలవుతుంది. తుంటి నుంచి మోకాలి కింది వరకు కాలి బయటి వైపున ఒక గట్టి పట్టీ ఉంటుంది. నొప్పి ఆ పట్టీకి సంబంధించింది కావచ్చు.

చిప్ప కింద, ఎముక మీద బొడిపెలా: ఇది మీ వయసువాళ్ళకి వచ్చేది. ఎదిగే వయసులో బాగా గెంతి, పరుగెత్తి ఆడేవాళ్ళకి వస్తుంది. 1903లో ఆస్‌గుడ్, ష్లాటర్ అనే ఇద్దరు డాక్టర్లు వేరువేరుగా దీని గురించి రాశారు. అందుకే దీనికి వాళ్ళిద్దరి పేర్లు పెట్టారు. ఎదుగుదల పూర్తయ్యేసరికి ఎక్కువమందికి తగ్గిపోతుంది. అలాగని దాచుకోకూడదు. అమ్మానాన్నలకి చెప్పాలి.

5. ఎందుకు వస్తుంది?

తెలుక్ ఇంటాన్ నడిబొడ్డున ఒక ఒరిగిన గోపురం ఉంది. 1885లో కట్టారు. ఎత్తు 25.5 మీటర్లు. బయట నుంచి చూస్తే ఎనిమిది అంతస్తులు కనిపిస్తాయి. లోపల ఉన్నవి మూడే! పైన గడియారం, లోపల ఒకప్పుడు ఊరికి నీళ్ళు ఇచ్చిన తొట్టె. కింద నేల మెత్తన. అంత బరువు మోయలేక గోపురం ఒక పక్కకి ఒరిగింది.

మోకాలి కథ కూడా కొంచెం ఇలాంటిదే. నొప్పి మోకాల్లో ఉంటుంది. కారణం చాలాసార్లు పైన తొడలోనో, తుంటిలోనో ఉంటుంది. అక్కడి కండలు బలహీనంగా ఉంటే భారమంతా మోకాలి మీద పడుతుంది. ఇంకో కారణం తొందర. రోజూ పరుగెత్తితే ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది. ఎముకలకీ, కండని ఎముకకి కలిపే స్నాయువులకీ ఎక్కువ కాలం పడుతుంది. "ఆయాసం రావడం లేదు కదా" అని ఒక్కసారిగా దూరం పెంచేస్తే మోకాలు మొరాయిస్తుంది.

6. ఏం చేయాలి?

• నొప్పి వల్ల కుంటాల్సి వస్తే ఆ రోజుకి పరుగు ఆపేయాలి.
• దూరం తగ్గించాలి. నొప్పి లేకపోతే ఆ రోజుల్లో ఈత కొట్టవచ్చు, సైకిలు తొక్కవచ్చు. ఊపిరి అలవాటు పోదు.
• ఐసుని గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టాలి. ఐసుని నేరుగా చర్మం మీద పెట్టకూడదు.
• అమ్మమ్మ నూనె రాసి నెమ్మదిగా మర్దనా చేస్తే హాయిగానే ఉంటుంది. కాపడం పెడితే పట్టేసిన కండ వదులవుతుంది. కానీ కొత్తగా వాచిన చోట గట్టిగా రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు.
• తొడలకీ తుంటికీ బలం రావాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం; పక్కకి తిరిగి పడుకుని పై కాలు ఎత్తి దించడం మంచి వ్యాయామాలు. నొప్పి పెరిగితే ఆపేయాలి.
• నొప్పి తెలియకుండా మాత్ర వేసుకుని పరుగెత్తకూడదు. మాత్ర నొప్పిని దాస్తుంది, దెబ్బని బాగుచేయదు.

వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవి: మోకాలు బాగా వాచినా, కాలు నేల మీద మోపలేకపోయినా, మోకాలు మధ్యలో పట్టేసి చాపలేకపోయినా, నడుస్తుంటే కాలు జారిపోతున్నట్టు ఉన్నా, ఎర్రబడి జ్వరం వచ్చినా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చినా ఆలస్యం చేయకండి.

ఎనిమిది వారాల్లో తగ్గకపోతే? ఈసారి సగం మారథాన్, అంటే 21 కిలోమీటర్లు పరుగెత్తవచ్చు. అదీ కుదరకపోతే వచ్చే ఏడాది. పోటీ మళ్ళీ వస్తుంది. మోకాళ్ళు ఉన్నవి రెండే.

7. భాషా విషయాలు

అ) నాకు, నేను
"నేను నొప్పి ఉన్నాను" అనకూడదు. తెలుగులో నొప్పి మనకి వస్తుంది.
నాకు మోకాలు నొప్పిగా ఉంది. నాకు మోకాలు నొప్పి పెడుతోంది.
మాట్లాడేటప్పుడు "నొప్పెడుతోంది" అని కలిపేస్తాం. రాసేటప్పుడు "నొప్పి పెడుతోంది" అని విడిగా రాస్తాం.

ఆ) మోకాలు, మోకాలి, మోకాళ్ళు
ఒకటైతే మోకాలు. రెండైతే మోకాళ్ళు. వెనక ఇంకో మాట వస్తే మోకాలి: మోకాలి చిప్ప, మోకాలి నొప్పి, మోకాలి మీద.
ఇలాగే: కాలు, కాలి, కాళ్ళు. వేలు, వేలి, వేళ్ళు.

8. జాతీయాలు

కాలికి బుద్ధి చెప్పడం: పారిపోవడం. "కుక్క మొరగగానే వాడు కాలికి బుద్ధి చెప్పాడు."
మోకాలడ్డడం: పని జరగకుండా అడ్డుపడడం. "మంచి పనికి మోకాలడ్డకు."
బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం: సంబంధం లేని రెండింటిని కలపడం. బోడిగుండుకీ మోకాలికీ సంబంధం లేదు, నిజమే. తుంటికీ మోకాలికీ మాత్రం ఉందని ఇప్పుడు మీకు తెలుసు!

9. అభ్యాసం

అ) జవాబులు రాయండి.
1. మనవడు నొప్పి సంగతి రెండు వారాలు ఎందుకు చెప్పలేదు?
2. అమ్మమ్మ అడిగిన ప్రశ్నల్లో మూడు రాయండి.
3. "చెప్పకపోతే ఆ మోకాలే మానిపిస్తుంది" అంటే ఏమిటి?

ఆ) సరైన మాటతో నింపండి. (పీకుతున్నాయి, బెణికింది, తిమ్మిరెక్కింది, మోకాలి)
1. చాలాసేపు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను, కాలు ______.
2. గుంటలో కాలు పడి చీలమండ ______.
3. రోజంతా పెళ్ళిలో నిలబడ్డాం, కాళ్ళు ______.
4. నాకు ______ చిప్ప కింద నొప్పిగా ఉంది.

ఇ) మాట్లాడండి.
ఒకరు డాక్టరు, ఒకరు పరుగెత్తే మనిషి. ఎక్కడ, ఎప్పుడు, ఎలా, ఎన్నాళ్ళ నుంచి అని డాక్టరు అడగాలి. నాలుగింటికీ పూర్తి వాక్యాల్లో జవాబు చెప్పాలి. డాక్టరుని "మీరు" అనాలి.

ఈ) ఇంటి పని.
మీ అమ్మమ్మకో నానమ్మకో తాతయ్యకో ఫోన్ చేయండి. "మీ ఊళ్ళో నొప్పికి ఇంకా ఏ మాటలు వాడతారు?" అని అడగండి. ఈ పాఠంలో లేని రెండు మాటలు రాసుకుని రండి. ఫోన్ పెట్టేముందు, వాళ్ళకి ఎక్కడ నొప్పిగా ఉందో కూడా అడగండి. వాళ్ళూ చెప్పకుండా దాస్తూ ఉండవచ్చు.