ఇంటిలోని రేడాన్ వాయువు: గృహస్థులు తెలిసికొనవలసిన విషయములు

రేడాన్ అనునది రంగు, రుచి, వాసన లేని వాయువు. రాళ్ళయందును, మట్టియందును స్వల్పముగా నుండు యురేనియము క్రమముగా క్షీణించి రేడియమగును. ఆ రేడియమునుండి ఈ వాయువు జనించును. ఆరుబయట నిది గాలిలో కలిసి పలుచబడును. ఇంటియందైనచో నేలపగుళ్ళగుండను, గొట్టములచుట్టునుండు సందులగుండను లోనికివచ్చి, మూసిన గదులలో నిలిచిపోవును.

హాని యెట్లు కలుగును?

రేడాన్ క్షీణించునపుడు పుట్టు సూక్ష్మకణములు ధూళి నంటుకొని ఊపిరితిత్తులను జేరి, అచట ఆల్ఫా కిరణములను వెలువరించును. ఘనమీటరు గాలిలో సెకనుకు 100 పరమాణువులు క్షీణించుటను 100 బెక్వెరెల్‌లందురు. దీర్ఘకాలపు సగటు అంత పెరిగినకొలది ఊపిరితిత్తుల క్యాన్సరు సుమారు 16 శాతము హెచ్చును. బీడీలు, సిగరెట్లు త్రాగువారికి ఈ అపాయము అనేకరెట్లు అధికము.

వరాఛాలో మన యిండ్లు

సూరతు నగరమందలి వరాఛా తాపీనదికి చేరువనున్నది; ఇచటిది ఒండ్రునేల. నేతపనికై సూరతునకు వచ్చిన తెలంగాణమువారిలో పలువురి స్వగ్రామములు గ్రానైటు రాతినేలపై నున్నవి. నల్లగొండ జిల్లాలోని లంబాపురము, పెద్దగట్టు ప్రాంతమున యురేనియము నిక్షేపములు సైతము కలవు. గ్రానైటునందు యురేనియము సాధారణముగా హెచ్చు. అయినను నేలనుబట్టియే ఇంటి క్షేమమును నిర్ణయింపరాదు. ప్రక్కప్రక్క యిండ్లలోనే రేడాన్ వేర్వేరుగా నుండవచ్చును. కొలిచినగాని తెలియదు.

చేయవలసిన పనులు

1. క్రింది అంతస్తు గచ్చులోని పగుళ్ళను, గొట్టములచుట్టునుండు రంధ్రములను సిమెంటుతో పూడ్పింపవలెను.

2. ఎదురెదురు కిటికీలను ప్రతిదినము తెరచి గాలి ఆడనీయవలెను. మూసిన కొన్ని గంటలలోనే వాయువు మరల చేరును, కావున ఏ.సీ. గదులయందు ఈ జాగ్రత్త మరింత అవసరము.

3. ఫిల్ము గల చిన్న కొలతసాధనమును పడకగదిలో సుమారు మూడు నెలలుంచి పరీక్షింపజేయవలెను.

4. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో సూచించిన పరిమితి 100 బెక్వెరెల్‌లు. అది సాధ్యము కానిచోట 300కు మించరాదు. మించినచో గచ్చుక్రిందినుండి గొట్టమమర్చి, పంకాతో ఆ గాలిని ఇంటికప్పుపైకి వెళ్ళగొట్టవలెను. క్రొత్తయిల్లు కట్టునపుడే గొట్టము నమర్చినచో వ్యయము తగ్గును.

5. ఇంటిలో ఎవ్వరును పొగత్రాగరాదు.

ఈ వాయువును భూమినుండి పుట్టకుండ చేయుట మనకు సాధ్యము కాదు. అది యింట ప్రవేశించు దారిని మూయుటయు, ప్రవేశించినదానికి వెలుపలికి దారి చూపుటయు మన చేతిలోని పనులే. నేలపై పరుండు పసిపిల్లల క్షేమమునకై నేడే మీ గచ్చును పరిశీలింపుడు.