గరిక వేరు ఎంత లోతున నున్నది?

చిరంజీవి మనుమనికి,

నీ యుత్తరము చేరినది. హైదరాబాదులో క్రొత్త యింటి ముంగిట నెంతో ముచ్చటపడి పెంచిన గరిక, ఉదయసాయంకాలములు తప్పక నీరు చల్లుచున్నను, వైశాఖము ప్రవేశించునప్పటికే కొనలెండి గోధుమవన్నె కెక్కుచున్నదని వ్రాసితివి. నాయనా, ఆ రెండు పూటల చల్లుటయే దానికి చేటు తెచ్చినదని నా నిశ్చయము. పైపైన చిలికిన నీరు లోనికి దిగకమునుపే యెండకు ఆవిరియై పోవును; తడి యున్నచోటనే వేరు నిలుచును గనుక, అట్లు పెరిగిన గరిక పైపొరలోనే వేళ్ళల్లుకొని, యొక్కపూట నీరు తప్పినను తాళలేదు.

కావున వారమునకు రెండు పర్యాయములు మాత్రమే, నాలుగైదంగుళముల లోతు నానునట్లు నీరు పెట్టుము. అయితే అలవాటు నొక్కసారిగా మాన్పింపకుము. మొదట దినము విడిచి దినము, పిమ్మట రెండు దినములు విడిచి యొకసారి, ఇట్లు ఎడము పెంచుచు పోయినచో వేళ్ళు తడిని వెదకుకొనుచు క్రిందికి దిగును. ఈ ఎండలలో వారమున కించుమించు 25 మిల్లీమీటర్ల నీరు కావలెను. అనగా చదరపు మీటరునకు 25 లీటర్లు, నీ 40 చదరపు మీటర్ల పచ్చికకు వేయి లీటర్లు. పైపు క్రింద బకెట్టు నిండుట కెంతసేపు పట్టునో చూచుకొన్నచో లెక్క తెలియును. నీరు వీథిలోనికి పారజొచ్చినచో ఆపి, అరగంట యింకనిచ్చి, మరల పెట్టుము.

సూర్యోదయమునకు మునుపే ఈ పని ముగియవలెను. సాయంకాలము తడిపిన ఆకు రాత్రియంతయు ఆరక బూజుతెగుళ్ళకు తావిచ్చును. గరిక తన దాహమును తానే తెలుపును: పచ్చదనము మాసి నీలిబూడిదవన్నె తోచినను, నడిచిన అడుగుజాడ వెంటనే లేవక అట్లే నిలిచినను, నీరు పెట్టవలసిన వేళ యైనదని గ్రహింపుము. కోయునప్పుడు మూడవవంతుకు మించి కోయకుము. కొంత పొడవుగా విడిచిన గడ్డి తన మొదటికి తానే నీడ పట్టును.

ఒక్క మాట మరువకుము. మీ బోరు అడుగంటి, వీథిలోనివారు త్రాగునీటికి ట్యాంకరు కొఱకు బిందెలతో నిలుచు దినములు వచ్చినచో, పచ్చికకు మంచినీరు సంపూర్ణముగా మానుము. బియ్యము, కూరలు కడిగిన నీరు చాలును. సబ్బునీరు మాత్రము వలదు. వినాయకునకు దూర్వలని మనము సమర్పించు ఈ గరిక అంత సులభముగా చచ్చునది కాదు. పైన ఎండుగడ్డి యైనను, మట్టిలోని కణుపులలో ప్రాణము దాచుకొని, మృగశిర వానలకు తిరిగి చిగుర్చును.

పది దినముల పిమ్మట, తడి ఎంత లోతు దిగినదో తెలియుటకు, నీరు పెట్టిన మరునాడు సన్నని ఇనుపచువ్వను నేలలో గ్రుచ్చి చూచి, అది అనాయాసముగా ఎన్ని అంగుళములు దిగినదో నాకు వ్రాయుము.

ఇట్లు,
నీ తాతయ్య