శుభలేఖల వెనక రాసుకున్న పరిశోధన

మా ఇంట్లో పెళ్లి శుభలేఖలు పారేయం. వెనక అచ్చు లేని దళసరి అట్టను నాలుగు ముక్కలు చేస్తే నాలుగు కార్డులొస్తాయి. తెలుగునాట గ్రంథాలయోద్యమం మీద నేను రాసిన పరిశోధన పత్రం అలాంటి రెండొందల పైచిలుకు ముక్కల మీదే తయారైంది. కొన్నిటి మూలల్లో పసుపు మరక ఇంకా పోలేదు.

అంతకు ముందు ఒక చిత్తుప్రతి రాశాను. ఒక రజతోత్సవ సంచిక ఏమన్నదో రెండు పేజీలు, ఒక ఆత్మకథ ఏమన్నదో రెండు పేజీలు, ఆ తర్వాత ఒక పాత పత్రిక, ఇంకో సిద్ధాంత గ్రంథం. చదివిందంతా వదలకుండా పెట్టానని తృప్తిగా ఉండేది. మా గైడు చదివి, “అందర్నీ వరసన కూర్చోబెట్టి మాట్లాడించావమ్మా, బానే ఉంది. ఒకళ్ల మాట ఇంకొకళ్లకి వినబడిందా?” అని కాయితాలు తిరిగిచ్చేశారు. ఆకరాల వరస వదిలేసి అంశాల వరసలో రాయడం అక్కణ్నుంచి మొదలైంది.

ముందు ప్రశ్నను కుదించాను. “గ్రంథాలయోద్యమ చరిత్ర” ప్రశ్న కాదు, అదొక గోదాము. 1901 నుంచి, 1948లో మద్రాసు ప్రభుత్వం గ్రంథాలయ చట్టం చేసేదాకా, తెలుగువాళ్లు సొంత చందాలతో గ్రంథాలయాలు ఎందుకు పెట్టుకున్నారు? ఈ వాక్యాన్ని ఒక ముక్క మీద రాసి గోడకి అంటించాను. దీనికి జవాబివ్వని సమాచారం ఎంత రుచిగా ఉన్నా కార్డెక్కదు. అలా అనుకున్నాను గానీ, చాలానే ఎక్కింది.

కార్డుకి ఒక్క విషయమే. పై మూలన ఆకరం గుర్తు, పేజీ నంబరు. మధ్యలో విషయం నా మాటల్లో. మూలంలోని మాటలే కావాలంటే ఉటంకింపు గుర్తుల్లో. ఈ తేడా పాటించకపోతే ఆరు నెలలయ్యాక ఏది మనదో ఏది వాళ్లదో తెలీదు. అడుగున మాత్రం నాకొచ్చిన అనుమానం ఒక వాక్యం. ఒక కార్డు చూడండి:

“1901 సెప్టెంబరు 1, హైదరాబాదు. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. రావిచెట్టు రంగారావు ఇంట్లో ప్రారంభం. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు తోడు.” అడుగున పెన్సిలుతో: “పేరులో ‘భాష’ ఎందుకు?”

ఆ రోజుకి అది ఊరికే రాసుకున్న మాట. కార్డు రాసేటప్పుడే ఇది ఫలానా అంశం కిందకొస్తుందని ముద్ర వేయకూడదన్నది నా పట్టుదల. ముద్ర ముందే పడితే, తర్వాత చదివేదంతా ఆ ముద్రకి సరిపోయేలాగే కనబడుతుంది.

కార్డులన్నీ అయ్యాక మే నెల మధ్యాహ్నం, ఫ్యాను ఆపేసి (ఆపకపోతే ఏమవుతుందో మొదటిరోజే తెలిసింది) హాల్లో నేలమీద పరిచాను. బరువుకి అష్టాచెమ్మా గవ్వలు. ఎవరికైనా ముందు తోచేది తేదీల వరసే. 1901 హైదరాబాదు, 1904 హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1914 బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ, 1918 వేటపాలెం సారస్వత నికేతనం. ఊరేగింపులా ముచ్చటగా ఉంది. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టు కథ దానంతటదే సాగిపోతుంది. చిక్కల్లా అక్కడే: ఎందుకు పెట్టుకున్నారన్న ప్రశ్నకి తేదీలు జవాబు చెప్పవు.

కార్డులు తీసేసి, ఈసారి అడుగున పెన్సిలు రాతల్ని మాత్రమే చూస్తూ పేర్చాను. అప్పుడు పేర్లు పక్కపక్కకొచ్చాయి. హైదరాబాదులో, హనుమకొండలో సంస్థ పేరే భాషా నిలయం. బెజవాడలో సభ జరిగిన చోటు రామ్మోహన ధర్మపుస్తక భాండాగారం. ఆ పేరు సంఘసంస్కర్తది. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. అక్కడ తెలుగు పుస్తకాలకి ఒక గది చూపించడమే ఒక ప్రకటన. కృష్ణా ఒడ్డున బ్రిటిష్ ఏలుబడిలో తెలుగుకి ఆ ఇరకాటం లేదు, అక్కడి తొందర వేరు. తేదీల వరసలో అన్నదమ్ముల్లా కనబడ్డవి, కారణాల దగ్గరికొచ్చేసరికి వేరు కాపురాలు. నా మొదటి అంశం ఇలా దొరికింది.

అంశానికి పేరు పెట్టడంలో చాలామంది జారిపడతారు, నేనూ జారాను. “భాష”, “దాతలు”, “స్త్రీలు” అని కుప్పల మీద చీటీలు పెట్టాను. అవి అలమర అరల పేర్లు. వాటి కింద ఏమైనా సర్దేయొచ్చు. చీటీ మీద పూర్తి వాక్యం రాయాలి, ఆ వాక్యంతో ఎవరైనా పేచీ పెట్టుకోగలగాలి. “భాష” చీటీ తీసేసి “నిజాం రాజ్యంలో గ్రంథాలయం తెలుగుకి ముందు చోటు చూపించింది, చదువు ఆ తర్వాతి మాట” అని రాశాక, కుప్పలో సగం కార్డులు వాటంతటవే బయటికెళ్లాయి.

ఇంకో ఉచ్చు మనుషులు. కొమర్రాజు పేరున ఒక కుప్ప లేచింది. 1901లో ఆయనే, హనుమకొండలో ఆయనే, 1906లో విజ్ఞాన చంద్రికా మండలిలోనూ ఆయనే. మనిషి అంశం కాడు. ఆ కుప్పని విప్పి సంస్థల కార్డులు ఒకచోట, పుస్తక ప్రచురణ కార్డులు ఇంకోచోట పెట్టాను. అయిష్టంగానే.

ఎటూ పొసగని కార్డుల దగ్గర తొందరపడకూడదని నేర్పింది పడవ. 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పాతూరి నాగభూషణం నడిపిన పడవ గ్రంథాలయం కార్డుని “వింతలు” అని ఒక మూల పడేశాను. పది రోజుల తర్వాత చందాల కార్డు పక్కన అది కాలికి తగిలింది. చందా కట్టి, మెట్లెక్కి, గదిలో కూర్చునేవాడొక పాఠకుడు. సరుకు మూటతో పడవెక్కి రేవు వచ్చేదాకా కాలక్షేపం వెతుక్కునేవాడు ఇంకొకడు. ఈ రెండోవాడికి గుమ్మంతో పనిలేదు, పుస్తకమే ఎదురొచ్చింది. “కట్టడం ఎవరిని రానిచ్చింది, కట్టడం దాటి ఎవరిని చేరుకున్నారు” అన్న భాగం మొత్తం ఆ రెండు కార్డులు పక్కపక్కన పడటం వల్ల వచ్చిందే.

తర్వాత చార్టు మీద గళ్లు గీశాను. నిలువున ఆకరాలు, అడ్డంగా అంశాలు, మాట్లాడిన గడిలో టిక్కు. ఒకే ఒక్క టిక్కు ఉన్న వరస అంశం కాదు, ఒకరి అభిప్రాయం. అన్ని గళ్లూ నిండితే ఆ అంశం మరీ వదులు, ఇంకా బిగించాలి. నేను ఎక్కువసేపు చూసింది ఖాళీ గళ్లని. ఉత్సవ సంచికలు సహజంగానే దాతల పేర్లు, విరాళాల మొత్తాలు వివరంగా వేస్తాయి. పఠన మందిరంలో బెంచీ మీద ఎవరు కూర్చున్నారో రాయవు. ఆ మౌనాన్ని కూడా వ్యాసంలో ఒక పేరాగా రాశాను. లేనిదాన్ని ఊహించి నింపలేదు.

అంశాల క్రమం పెద్ద విద్యేం కాదు. ఏది తెలియకపోతే మరోటి అర్థం కాదో అది ముందు. ఒక్కో అంశం లోపల మాత్రం తేదీల వరస తిరిగొస్తుంది, అక్కడ దాని అవసరముంది.

రాసేటప్పుడు పెట్టుకున్న నియమం ఒకటే: పేరా మొదటి వాక్యంలో ఏ గ్రంథకర్త పేరూ ఉండకూడదు. నా మాట ముందు, సాక్షులు వెనక. కనీసం ఇద్దరు సాక్షులు. ఇద్దరూ ఒకే మాటంటే క్లుప్తంగా, విభేదిస్తే ఎక్కడ విభేదించారో, ఎవరి మాట వైపు నేనెందుకు మొగ్గానో చెప్పాలి. పాత చిత్తుప్రతిలో “ఫలానా సంచిక ప్రకారం” అని మొదలైన పేరాలు పదిహేడు. కొత్తదాంట్లో ఒక్కటీ లేదు.

మిగిలిపోయిన ముప్ఫై కార్డుల్ని పూతరేకుల డబ్బాలో పెట్టాను. అన్నిటికంటే పైనున్నది వేటపాలెంది: 1929లో గాంధీ సారస్వత నికేతనం కొత్త భవనానికి శంకుస్థాపన చేశాడు, ఆయన చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. నాకు బాగా ఇష్టమైన కార్డు. నాలుగు అంశాల్లోనూ దూర్చి చూశాను, ఎక్కడా పొసగలేదు. ఇంకా డబ్బాలోనే ఉంది.